ఈ సాహసం ఎవరి పద్దు?

తెల్లటి మంచుకొండ. దాని పక్కన అగ్గిపెట్టంత తెరచాప పడవ. పడవ మీద ఎర్రకోటు తొడుక్కుని, గెడ్డానికి మంచు పట్టి, నవ్వుతూ చెయ్యి ఊపుతున్న ఓ మగమహారాజు. ఈ ఫోటో మీరూ ఎక్కడో అక్కడ చూసే వుంటారు. దాని కింద స్వేచ్ఛ గురించీ, మనిషి పట్టుదల గురించీ నాలుగు పెద్ద మాటలు. చూసినవాళ్ళు ఆహా అంటారు. ఇంట్లో మగపిల్లలుంటే ఇక చెప్పనే అక్కర్లేదు, ఆ పేజీ చింపి గోడకి అంటిస్తారు.

నాకు మాత్రం అది చూడగానే, నెలాఖరున పద్దుపుస్తకం ముందేసుకు కూచున్న ఇల్లాలికి వచ్చే ప్రశ్నే వస్తుంది. ఇదంతా ఎవరి ఖర్చండీ?

పడవ కొన్న డబ్బు సంగతి కాదు. అది ఆయన సొంత డబ్బే, ఆయనిష్టం. ఒకరు బంగారం కొంటారు, ఒకరు పడవ కొంటారు. పడవ కొన్నాక మొదలయ్యే ఖర్చుని గురించి నేనడుగుతున్నాను. అది ఏ సాహసయాత్రికుడి పుస్తకంలోనూ సరిగ్గా రాసి వుండదు.

ముందు అసలు సంగతి కాస్త చెబుతాను. ధ్రువ సముద్రాల్లో సొంత పడవలు, అంటే యాట్‌లు, వేసుకుని తిరిగేవాళ్ళకి ముఖ్యంగా రెండు దార్లున్నాయి. ఉత్తరాన కెనడా నెత్తి మీద, దీవుల సందుల్లోంచి అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి పోయే వాయవ్య మార్గం ఒకటి. ఏడాదిలో ఏ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనో కొద్దివారాలు మంచు దారిస్తుంది, లేదంటే అదీ లేదు. రెండోది దక్షిణాన. అర్జెంటీనా కొసనున్న ఉషుయా నుంచో, ఫాక్‌లాండ్ దీవుల నుంచో బయల్దేరి, డ్రేక్ జలసంధి దాటి అంటార్కిటికాకి పోవడం. ఒకప్పుడు ఇవి ఎముకలు కొరికే యాత్రలు. ఇప్పుడు శాటిలైటు ఫోనులు వచ్చాయి, మంచు ఎక్కడుందో చూపించే పటాలు వచ్చాయి, అల్యూమినియం పడవలు వచ్చాయి. పైపెచ్చు ఉత్తరాన వేసవి మంచు తరిగిపోతోంది. అంచేత డబ్బూ తీరికా వున్న పెద్దమనుషులు చాలామందికి ఆ నీళ్ళ మీదికి మనసు పోతోంది.

పోనివ్వండి. పద్దు సంగతి చూద్దాం.

వాయవ్య మార్గాన్ని పడవలో మొదటిసారి పూర్తిగా దాటినవాడు నార్వే దేశపు అముండ్‌సెన్. మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. పాఠాల్లో చెప్పనిది ఒకటుంది. 1903 జూన్‌లో ఆయన బయల్దేరింది అర్ధరాత్రి పూట, వానలో. ముహూర్తం కుదిరి కాదు, అప్పులవాళ్ళు పడవని జప్తు చేస్తారని భయపడి! ఆరుగురు తోడుతో యోవా అనే పాత చేపలపడవ ఎక్కి పారిపోయాడన్నమాట. పాలవాడి బాకీ ఎగ్గొట్టి ఊళ్ళోంచి ఉడాయించినవాణ్ణి మనం ఏమంటాం? మహాపురుషుడంటామా?

సరే, గొప్పవాడే, కాదనను. వెళ్ళాడు. మంచులో చిక్కి ఒకేచోట రెండు చలికాలాలు గడిపాడు. ఆ చలిలో బతికి బట్టకట్టాడంటే అక్కడి ఇనూయిట్ల చలవే. మనం ఎస్కిమోలని చదువుకున్నామే, వాళ్ళే. కుక్కబండి తోలడం వాళ్ళే నేర్పారు. తోలు బట్టలూ వాళ్ళవే. ఆ బట్టలు కుట్టేది అక్కడి ఆడవాళ్ళు. కుట్టులో ఒక్క వేలెడు సందు వుంటే మనిషి గడ్డకట్టుకుపోతాడు. ఆ దారి దాటినవాడుగా అముండ్‌సెన్ పేరు లోకమంతా తెలుసు. ఆ కుట్లు వేసిన చేతులెవరివో ఒక్క పాఠంలోనూ లేదు.

ఇంకా వెనక్కి వెళితే ఫ్రాంక్లిన్ కథ. 1845లో రెండు ఓడలూ, 129 మంది మనుషులతో ఇంగ్లండు నుంచి ఆ దారి వెదకబోయి, ఒక్కడూ తిరిగి రాలేదు. కొన్నాళ్ళు వెదికించి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. ఆయన భార్య జేన్ మాత్రం ఊరుకోలేదు. ఎవరో ధనవంతుడు విలాసానికి కట్టించుకున్న ఫాక్స్ అనే యాట్‌ని 1857లో కొని, తన ఆస్తిలోంచీ, తెలిసినవాళ్ళ చందాల్లోంచీ ఖర్చుపెట్టి వెదకడానికి పంపింది. 1859లో ఒక రాళ్ళగుట్టలో కాగితం ముక్క దొరికింది. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11నే పోయాడని అందులో రాసి వుంది. తను వితంతువునని తెలుసుకోవడానికి ఆవిడకి పన్నెండేళ్ళు పట్టింది. అందుకు అంత సొమ్మూ పోసింది. ధ్రువ సముద్రాల్లో సొంత యాట్ యాత్రల చరిత్రలో ఈ యాత్రకి పెద్ద పేరే వుంది. కానీ ఆవిడ దృష్టిలో అది యాత్రా? మొగుడి కర్మకాండ.

పాత కథలు వద్దంటారా? కొత్తవే చెబుతాను.

2018 వేసవిలో వాయవ్య మార్గంలో మంచు ఎక్కువగా వుంది, విహార పడవలు అటు రావద్దని కెనడా కోస్ట్‌గార్డు ముందే చెప్పింది. అయినా వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఆగస్టు చివర్లో అర్జెంటీనా వాళ్ళు ఇద్దరున్న అనహిత అనే పడవ బెల్లో జలసంధిలో మంచు మధ్య నలిగి మునిగిపోయింది. ఇద్దరూ మంచుపలక మీదికి ఎక్కి గంటల తరబడి కూచున్నారు. కోస్ట్‌గార్డు హెలికాప్టరు వచ్చి వాళ్ళని ఎత్తుకుపోయింది. ప్రాణాలు దక్కాయి, సంతోషం. ఆ జలసంధికున్న బెల్లో పేరు ఎవరిదో తెలుసా? బెల్లో ఒక ఫ్రెంచి కుర్రవాడు, నావికుడు. తప్పిపోయిన ఫ్రాంక్లిన్‌ని వెదకడానికి వెళ్ళి, 1853లో మంచు పగులులో పడి పోయాడు. అప్పటికి వాడి వయసు ఇరవై ఏడు. వెదకబోయినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడని ఆ పేరే చెబుతోంది. ఆ నీళ్ళ మీద పోయేవాళ్ళు పటంలో ఆ పేరు చదవరా?

2011లో దక్షిణాన ఇంకో కథ. నార్వే దేశస్థుడు యార్లె ఆండ్‌హోయ్ బెర్సెర్క్ అనే పడవలో అంటార్కిటికా వెళ్ళాడు. తమ దేశపు చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. తీసుకోలేదు. ఆయనా, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడొకడూ దక్షిణ ధ్రువానికని మోటారు బళ్ళేసుకుని మంచు మీద బయల్దేరారు. ముగ్గురు మనుషులు పడవలో వుండిపోయారు. ఫిబ్రవరి 22న పెద్ద తుఫాను. పడవ నుంచి ఆపద సంకేతం వచ్చింది. న్యూజిలాండ్ యుద్ధనౌక వెదికింది, తిమింగలాల వేటని అడ్డుకోవడానికి తిరుగుతున్న వాళ్ళ ఓడా వెదికింది. ఖాళీగా తేలుతున్న ప్రాణరక్షక తెప్ప ఒకటి దొరికింది. ముగ్గురూ దొరకలేదు.

ఆ తేదీ ఒకసారి గుర్తుచేసుకోండి. 2011 ఫిబ్రవరి 22. సరిగ్గా ఆ రోజే న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ నగరం భూకంపంలో కూలిపోయింది. 185 మంది చచ్చిపోయారు. తమ ఇళ్ళ కింద మనుషుల్ని తవ్వుకుంటున్న దేశం, అదే వేళ అనుమతి లేకుండా వెళ్ళినవాళ్ళ కోసం ఓడతో సముద్రం గాలించింది. ఆ ఓడ మీది నావికులకీ ఇళ్ళున్నాయి. ఇళ్ళల్లో తల్లులున్నారు, పెళ్ళాలున్నారు. వాళ్ళ భయాన్ని ఎవరి పద్దులో రాద్దాం?

అనుమతి లేకుండా వెళ్ళినందుకు ఆండ్‌హోయ్‌కి జరిమానా పడింది. 2012లో ఆయన ఇంకో పడవ వేసుకుని, పోయిన స్నేహితుల జాడ తీస్తానంటూ, మళ్ళీ అనుమతి లేకుండానే అటే వెళ్ళాడు. ఇంకేం చెప్పమంటారు?

ప్రాణాపాయం సంగతి ఒక్కటే కాదు. చుట్టం చూపుగా వెళ్ళేవాడికి ఆ ఇంటి మర్యాద కూడా తెలియాలి. ఉత్తర ధ్రువపు నీళ్ళు ఖాళీ నీళ్ళు కావు. కెనడాలో నూనావుత్ అనే ప్రాంతముంది. అందులో ఇరవై అయిదు ఊళ్ళు. ఊరికీ ఊరికీ రోడ్డు లేదు. చాలా ఇళ్ళల్లో గదులు తక్కువ, మనుషులు ఎక్కువ. 2020లో కరోనా వచ్చినప్పుడు, ఆ ఊళ్ళని కాపాడుకోవడానికి కెనడా ప్రభుత్వం ధ్రువ జలాల్లోకి బయటి విహార పడవలు రాకూడదని నిషేధం పెట్టింది. ఆ వేసవిలోనే న్యూజిలాండ్ పెద్దాయన ఒకరు తన పడవలో ఆ దారినే వెళ్ళారు. వాతావరణం తరిమిందనో మరోటనో ఆయన కారణాలు ఆయన చెప్పుకున్నారు. నూనావుత్‌లో అప్పటికి ఒక్క కరోనా కేసు కూడా లేదు. మొదటి కేసు నవంబరులో గాని రాలేదు. అంటే అన్ని నెలలు ఆ ఊళ్ళవాళ్ళు గుమ్మాలు మూసుకుని, పిల్లల్నీ ముసలివాళ్ళనీ కాచుకుంటూ కూచున్నారన్నమాట. మన వీధిలోనూ ఆ ఏడాది అంతేగా! అమ్మ పోతే ఆఖరి చూపుకి వెళ్ళలేక కన్నీళ్ళు దిగమింగుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు? మనకి వర్తించిన నియమం తెరచాప వున్నవాడికి వర్తించదా?

దక్షిణాన మనుషులుండే ఊళ్ళు లేవు గనక ఎవరికీ నష్టం లేదంటారేమో. సౌత్ జార్జియా దీవిని చూడండి. పాతకాలపు వేట ఓడలు అక్కడికి ఎలకల్ని దింపిపోయాయి. ఆ ఎలకలు నేల మీద గూళ్ళు పెట్టుకునే పక్షుల గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. ఆ మంచు ప్రాంతంలో పాట పాడే పిట్ట పిపిట్ ఒక్కటే. అది దాదాపు కనుమరుగైపోయింది. చందాలు పోగుచేసి, ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో ఎలకలమందు చల్లి, చివరికి 2018లో ఎలకలు లేవని ప్రకటించారు. ఇప్పుడు ఒక్క పడవలోంచి ఒక్క చూలు ఎలక దిగితే ఆ శ్రమంతా గంగలో కలిసినట్టే. అంచేత అక్కడికి వచ్చే పడవల్ని తనిఖీ చేస్తారు, బూట్లు కడుక్కుని దిగమంటారు. చెప్పులు గుమ్మం బయట విప్పమనడం మనింట్లో పెద్ద విషయం కాదు. కొందరు స్వేచ్ఛాప్రియులకి అదీ అవమానమే!

ఇప్పుడు నా మీద విరుచుకుపడేవాళ్ళకి జవాబు చెబుతాను.

మొదటి మాట. అయితే ఆపదలో వున్నవాణ్ణి వదిలెయ్యమంటావా, కాపాడాక బిల్లు చేతిలో పెట్టమంటావా అంటారు. శివ శివా! ఆ మాట నేననను. సముద్రంలో ఆపద అన్నవాణ్ణి ఎవరు, ఏమిటి అని అడక్కుండా కాపాడాలన్నది పెద్ద ధర్మం. టైటానిక్ మునిగాక దేశాలన్నీ కూచుని అది నియమంగా రాసుకున్నాయి. ప్రాణం కాపాడినందుకు బతికినవాడి దగ్గర ప్రతిఫలం అడక్కూడదన్నదీ సముద్రపు చట్టమే. 2018 సెప్టెంబరులో మన నౌకాదళం మనిషి అభిలాష్ టామీ ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో, హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన తుఫానులో చిక్కాడు. తెరచాప కొయ్య విరిగింది, నడుం దెబ్బతింది, పక్క మీంచి లేవలేకపోయాడు. మూడు రోజుల తర్వాత ఫ్రెంచివాళ్ళ ఓడ వచ్చి కాపాడింది. మన విమానమూ, ఆస్ట్రేలియా విమానమూ పైనుంచి జాడ పట్టాయి. జాడ ఎలా దొరికింది? ఎక్కడున్నాడో చెప్పే పరికరాలు పడవలో తప్పనిసరిగా పెట్టారు గనక. ఎప్పుడు ఎక్కడుండాలో పదిమందికీ తెలుసు గనక. దొంగచాటుగా వెళ్ళి వుంటే దేవుడే దిక్కు.

ఆపదలో చెయ్యందించడం ధర్మం గనకనే, ఆ చెయ్యి చాపబోయేవాడికి ముందుగానే సిగ్గుండాలంటున్నాను. అన్నం పెట్టే ఇల్లని రోజూ వెళ్ళి విస్తరి ముందు కూచోం కదా!

రెండో మాట. ఇల్లు దాటని ఆడవాళ్ళకి సముద్రం సంగతేం తెలుసు, పిరికితనం కొద్దీ అంటున్నావు అంటారు. ఈ మాటకి మాత్రం నాకు నవ్వొస్తుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు ఆడవాళ్ళు బయల్దేరారు. వర్తికా జోషి నాయకురాలు. అందులో స్వాతి మన విశాఖపట్నం పిల్ల, ఐశ్వర్య మన హైదరాబాదు పిల్ల. 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి, డ్రేక్ జలసంధి మీదుగా కేప్ హార్న్ దాటి, 2018 మే 21న ఇంటికొచ్చారు. అది నౌకాదళం పడవ, ఖర్చు మన పన్నుల్లోంచే. కాని ఆ ఖర్చుకి లెక్కుంది. ఏళ్ళ తరబడి నేర్చుకుని వెళ్ళారు. ఎక్కడ ఆగుతారో, ఎప్పుడు వస్తారో దేశానికి తెలుసు. చుక్కాని పాడైతే పంతాలకి పోకుండా మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. అదీ ధైర్యమంటే. బాగు చేయించుకోవడం నామోషీ అనుకోని ధైర్యం.

సొంత పడవలవాళ్ళలోనూ మర్యాదస్తులున్నారు. ఫ్రాన్సు నుంచి జెరోమ్ పోన్సే, ఆస్ట్రేలియా నుంచి సాలీ. ఆలుమగలు ఇద్దరూ డామియన్ 2 అనే తమ పడవని 1978లో అంటార్కిటికా మంచులో నిలిపి, చలికాలమంతా అక్కడే గడిపారు. 1979లో మొదటి కొడుకు సౌత్ జార్జియాలో ఆ పడవలోనే పుట్టాడు. ఆసుపత్రి లేదు, మంత్రసాని లేదు. ముగ్గురు మగపిల్లల్ని పడవలో పెంచుకుంటూనే సాలీ ఆ దీవుల్లో పక్షుల్ని లెక్కపెట్టింది. ఆల్బట్రాస్‌లు ఎన్ని, గూళ్ళెక్కడ అని ఆవిడ రాసిన లెక్కలు శాస్త్రవేత్తలకి ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఆ సముద్రం దగ్గర తీసుకున్నదానికి ఆవిడ ఏదో తిరిగిచ్చింది.

ఇంకొకాయన గురించి చెప్పాలి. టిల్‌మన్ అని ఇంగ్లీషు పెద్దమనిషి. మొదట హిమాలయాలెక్కినవాడు, తర్వాత పాత పడవల్లో గ్రీన్‌లాండ్ వైపూ, దక్షిణపు మంచు దీవుల వైపూ తిరిగాడు. ఆపదలో సాయం అడగడం తన సిద్ధాంతానికి విరుద్ధమని పడవలో రేడియో పెట్టుకునేవాడు కాదు. నేను అడిగే ప్రశ్నకి నిజాయితీగా జవాబిచ్చినవాడు ఈయనే అనిపిస్తుంది. తన ఖర్చు తన మీదే వేసుకున్నాడు. కానీ 1977లో, ఎనభయ్యో పడి ముంగిట, సైమన్ రిచర్డ్‌సన్ అనే కుర్రవాడి పడవలో అంటార్కిటికా వైపు బయల్దేరాడు. నవంబరులో రియో నుంచి ఫాక్‌లాండ్‌కి బయల్దేరిన ఆ పడవ ఏమైందో ఇంతవరకూ తెలియదు. ముసలాయనతో పాటు కుర్రవాళ్ళందరూ పోయారు. తర్వాత సైమన్ తల్లి కొడుకు గురించి ఒక పుస్తకం రాసింది. నవలలు రాసేదాన్ని గనక నాకు తెలుసు, పుస్తకం రాయడం ఎంత పనో. చచ్చిపోయిన పిల్లవాడి మీద రాయడం ఎంత పనో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు. ఎవరి సాయం అడగనన్నవాడి యాత్రకి కూడా చివరికి ఒక తల్లి అలా ఖర్చు రాసుకుంది. నా ఖర్చు నాదే అని ఎవరైనా అంటే నేను నమ్మనిది అందుకే.

అంచేత నేను కోరేది పెద్ద కోరిక కాదు. పడవలు తగలబెట్టమనడం లేదు, పిల్లల్ని కొంగుకి కట్టుకోమనడం లేదు. వెళ్ళేవాడు చెప్పి వెళ్ళాలి. అనుమతి అడగాలి. గాలింపుకి అయ్యే ఖర్చుకి సరిపడా ఇన్సూరెన్సు కట్టి, ఆ కాగితం చూపిస్తే తప్ప తాడు విప్పనివ్వకూడదు. రావద్దన్నప్పుడు రాకూడదు. అడ్డదారిన వెళ్ళొచ్చినవాడికి సన్మానాలూ, టీవీలూ, పుస్తకం ఒప్పందాలూ వుండకూడదు. జరిమానా కన్నా ఈ చివరిదే వాళ్ళకి తగులుతుంది.

మనకెందుకీ గొడవ అనకండి. మనవాళ్ళ దగ్గరా డబ్బు చేరుతోంది. ఇవాళ స్విట్జర్లాండ్ వెళ్ళేవాళ్ళు రేపు అంటార్కిటికా అంటారు, పడవలూ కొంటారు. మన పార్లమెంటు ముందుచూపుతో 2022లో అంటార్కిటిక్ చట్టం చేసింది. మన ప్రభుత్వానిదో, ఆ ఒప్పందంలో వున్న మరో దేశానిదో అనుమతి లేకుండా అక్కడికి యాత్ర కట్టడానికి వీల్లేదు. చట్టం కాగితం మీద వుంటే చాలదు. వెళ్ళొచ్చినవాడి మెడలో దండ వేసేముందు, అనుమతి కాగితమేదీ అని అడిగే అలవాటు మనకుండాలి.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ ఎర్రకోటు ఫోటో చూపించి ఆహా అంటే, మీరూ ఆహా అనండి. మంచుకొండ అందంగానే వుంటుంది. ఆ తర్వాత మెల్లిగా అడగండి, ఈయన కోసం ఎవరెవరు నిద్ర మానుకున్నారు నాయనా అని. కొత్తిమీర కట్టకి కూడా లెక్క రాసే ఇంట్లో ఆ మాత్రం ప్రశ్న తప్పేమీ కాదు.